దయ్యముల పండుగయు, మన దివిటీలును

గత సంవత్సరము దీపావళికి ముందు మా సంఘమున ఒక చర్చ జరిగినది. అక్టోబరు 31వ తేదీ సాయంకాలము పిల్లలచే హాలోవీన్ పండుగ జరిపింతమని యువకులు కొందరు ప్రతిపాదించిరి. గుమ్మడికాయకు కన్నులును కోరలును చెక్కి లోపల దీపము పెట్టుదురట. బాలికలు మొనదేలిన నల్లటోపీలు ధరించి మంత్రగత్తెలగుదురట. బాలురు ఎముకలగూటి వేషములతో ఇంటింటికి పోయి మిఠాయిలు అడుగుదురట. ఈ మాట వినినంతనే పెద్దలు కొందరు లేచి, "ఇది పరదేశపు దయ్యముల పండుగ, మన గడప త్రొక్కరాదు" అని గట్టిగా పలికిరి. యువకులు ఊరకుండక, "మీ అమావాస్య భయములు, గుమ్మములకు కట్టు నిమ్మకాయలు, మిరపకాయలు మూఢనమ్మకములు కావా?" అని ఎదురడిగిరి. చర్చ తేలలేదు. కాఫీలు త్రాగి ఎవరి యిండ్లకు వారు పోయిరి.

మేము ఆనాడు మాటాడలేదు. మాటాడవలసినది ఈ సంచికలో వ్రాయుచున్నాము. మా యభిప్రాయము ఉభయపక్షములకును రుచింపదని ఎరుగుదుము. పరదేశమున పుట్టినంత మాత్రమున ఒక పండుగ చెడ్డది కాదు. పిల్లలు వేషములు వేసికొనుటయు తప్పు కాదు. కాని మంత్రగత్తె అనెడి మాటతో ఆడుకొనుటకు ఒక అర్హత కావలెను. ఆ మాటకు జడిసి మన వీధులలో ఏ స్త్రీయు తలుపు మూసికొననినాడు ఆ యర్హత మనకు కలుగును. ఆ దినము ఇంకను రాలేదు. మేము చెప్పదలచినది ఇంతియే. ఇది ఎట్లో వివరింతుము.

తెలియనిదానిని తిట్టుటయు, తెలియనిదానిని తెచ్చుకొనుటయు రెండును తగవు. కావున ముందుగా ఆ పండుగ పుట్టుక చూతము. ఐర్లండు, స్కాట్లండు దేశములలో పూర్వము కెల్టు జాతివారు అక్టోబరు ముగిసి నవంబరు ప్రవేశించెడి రాత్రిని శీతకాలపు మొదలుగా ఎంచుచుండిరి. వేసవి యంతయు కొండలమీది బయళ్ళలో మేసిన పశువులను ఆ దినములలో ఇండ్లకు తోలుకొని వచ్చుచుండిరి. పంట ఇల్లు చేరినది, ఇక ముందున్నవి దీర్ఘరాత్రులు. వెలుతురునకును చీకటికిని నడుమ గడపవంటిది ఆ రాత్రి. ఆ రాత్రి పరలోకపు తలుపులు తెరచుకొనుననియు, చనిపోయినవారు తమ యిండ్లను చూచుకొన వత్తురనియు వారి నమ్మిక. అందుచే పొయ్యిలో నిప్పు ఆరనీయక, బల్లమీద ఆహారముంచి నిదురించుట ఐర్లండు పల్లెలలో చిరకాలము నిలిచిన ఆచారము.

క్రైస్తవమతము వ్యాపించిన పిమ్మట, 9వ శతాబ్దమునందు, నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగగా పశ్చిమ ఐరోపాలో స్థిరపడినది. దాని మరునాడు మృతులందరి స్మరణదినమైనది. పరిశుద్ధుల పండుగకు ముందటి సాయంకాలమే హాలోవీన్. ఆ పేరునకు అర్థమును అంతే. ఇంగ్లండులో పేదలును పిల్లలును ఇంటింటికి పోయి, ఆ ఇంటి మృతులకొరకు ప్రార్థింతుమని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకొనుచుండిరి. మన నడుమనున్న కతోలిక క్రైస్తవులు నేటికిని నవంబరు 2న సమాధులను శుభ్రపరచి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగింతురు. తమిళనాట స్థిరపడిన మనవారు ఈ 'కల్లరై తిరునాళ్' చూచియే యుందురు. అచ్చట కోరలు లేవు, కేకలు లేవు. పోయినవారిని తలచుకొని కన్ను తుడుచుకొనుట మాత్రమే యున్నది.

గుమ్మడికాయయు మొదటినుండి ఉన్నది కాదు. ఐర్లండువారు టర్నిప్ దుంపను తొలిచి దీపముంచుచుండిరి. జాక్ అను పిసినిగొట్టు సైతానునే మోసగించెననియు, చచ్చిన పిమ్మట స్వర్గము వాని పాపములకై తలుపు మూసెననియు, నరకము పాత పగచే తలుపు మూసెననియు, నాటినుండి వాడొక నిప్పుకణమును టర్నిప్ డొల్లలో నుంచుకొని త్రోవ వెదకుకొనుచు తిరుగుచున్నాడనియు వారి పల్లెకథ. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి దారుణమైన కరవు వచ్చినప్పుడు లక్షలకొలది ఐర్లండువారు అమెరికాకు వలసపోయిరి. అచ్చట గుమ్మడికాయ విరివిగా దొరకును. పెద్దది, తొలుచుటకు మెత్తనిది. వలసపోయినవారు పండుగను వెంట తీసికొనిపోవుదురు, దొరకిన కాయతో జరుపుకొందురు. తరతరములుగా పరరాష్ట్రములలో కాపురమున్న మనకు ఈ సంగతి ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి పెండ్లి జోస్యములకును ప్రసిద్ధము. స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు 1785లో ఈ పండుగ పేరనే ఒక కావ్యము వ్రాసి, అందలి పల్లె ఆచారములను తానే వివరించెను. ప్రేమించుకొన్న యిరువురి పేర రెండు గింజలు నిప్పులలో వేయుదురు. అవి కుదురుగా కాలినచో కాపురము కుదురు, చిటపటలాడి ఎగిరినచో కలహము. ఆపిలుపండు తొక్కను తెగకుండ ఒలిచి భుజముమీదుగా వెనుకకు విసరి, అది పడిన తీరునుబట్టి మగని పేరులోని మొదటి అక్షరము చదువుకొందురు. కొవ్వొత్తి పట్టుకొని అద్దములో చూచినచో కాబోవువాని ముఖము కనబడునందురు. ఐర్లండులో ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరము దాచి కాల్చుదురు. అది ఎవరి ముక్కలో వచ్చునో వారికి ఆ యేట వివాహము. వీనిని చూచి మనము నవ్వనక్కరలేదు. అదే ఋతువున, ఆశ్వయుజ బహుళ తదియనాడు, మన యాడపిల్లలు తెల్లవారకమునుపే లేచి భుజించి, ఉయ్యాలలూగి, చంద్రుని చూచి, మంచి మగడు రావలెనని అట్లతద్దె నోము నోచుకొనుచున్నారు. ఆశ ఎచ్చటనైనను ఆశయే. వీనివలన ఎవరికిని గాయము లేదు.

అదే రాత్రికి వేరొక చరిత్రయు కలదు. స్కాట్లండు రాజగు ఆరవ జేమ్సు డెన్మార్కు రాజకుమార్తెను వివాహమాడిన సమయమున సముద్రములో తుపానులు రేగి ప్రయాణములు చెడినవి. తుపానును గాలి పుట్టించునని ఎంచక, మంత్రగత్తెలు పుట్టించిరని నిశ్చయించిరి. 1590లో పరిశుద్ధుల పండుగ ముందటి రాత్రి, అనగా ఈ హాలోవీన్ రాత్రియే, నార్త్ బెర్విక్ అనెడి తీరగ్రామపు చర్చిలో వారు సైతానుతో సభ తీర్చిరని నేరము మోపిరి. పట్టుబడినవారిలో ఆగ్నిస్ శాంప్సన్ అను స్త్రీ యొకతె. ఆమె పల్లెవారికి చికిత్సలు చేయుచు, పురుళ్ళు పోయుచు జీవించినది. రాజు స్వయముగా ఆమెను ప్రశ్నించెను. చిత్రహింసలకు తాళలేక ఆమె చేయనివన్నియు చేసితినని ఒప్పుకొన్నది. 1591 జనవరిలో ఆమెను చంపి కాల్చిరి. మన భాషలో మంత్రసాని, మంత్రగత్తె అను మాటలు రెండును ఎంత దగ్గరివో చూడుడు. పురుడు క్షేమముగా జరిగినంతకాలము మంత్రసాని, బిడ్డకు జబ్బు చేసిననాడు మంత్రగత్తె.

స్కాట్లండులో మంత్రవిద్యను మరణశిక్షకు తగిన నేరముగా చేసిన చట్టము 1563లో వచ్చి 1736 వరకు నిలిచినది. ఆ కాలమున నేరము మోపబడినవారు సుమారు 3,800 మందియని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు పరిశోధకులు లెక్కకట్టిరి. వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా స్త్రీలు. 2022 మార్చి 8న, స్త్రీల దినోత్సవమునాడు, అప్పటి స్కాట్లండు ప్రథమమంత్రి నికొలా స్టర్జియన్ ఆ మృతులందరిని గూర్చి శాసనసభలో క్షమాపణ చెప్పెను. అచ్చటి బాలిక నేడు నల్లటోపీ పెట్టుకొని నవ్వుచున్నదన్నచో దాని వెనుక ఇంత కథ యున్నది. ముందు చట్టము పోయినది, పిదప భయము పోయినది, ఆ తరువాతనే అది ఆటవస్తువైనది. మనము మొదటి రెండు మెట్లు ఎక్కక మూడవ మెట్టుమీదికి దుముకజూచుచున్నాము.

భయము పూర్తిగా పోయినదని అచ్చటివారును చెప్పలేరు. అమెరికాలో ఆ రాత్రి అపరిచితులు పిల్లల మిఠాయిలలో విషము కలుపుదురని ఎన్నియో యేండ్లుగా తల్లిదండ్రులు వణకుచున్నారు. జోయెల్ బెస్ట్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1958 మొదలుకొని వచ్చిన వార్తలను వెదకిచూడగా, అపరిచితుడు ఊరివారి పిల్లలను ఇట్లు చంపినట్లు ఒక్క నిదర్శనమును దొరకలేదు. 1974లో టెక్సాసులో ఎనిమిదేండ్ల బాలుడొకడు హాలోవీన్ మిఠాయిలోని విషముచే మరణించిన మాట నిజము. ఆ విషము కలిపినది కన్నతండ్రి. బీమా సొమ్ముకొరకు కలిపినాడు. భయము వీధిలోనివానిని చూపినది, దోషము ఇంటిలో నున్నది. పాఠకులు ఈ మాట జ్ఞాపకముంచుకొందురుగాక; మరల దీనికే రాగలము.

ఇక మన యింటి సంగతి. భాద్రపద బహుళపక్షమంతయు మనకు పితృపక్షము. దాని చివర మహాలయ అమావాస్య. తెలంగాణమున దానినే పెత్రమాస యందురు. పెద్దలకు బియ్యమిచ్చిన ఆ దినముననే ఎంగిలిపూల బతుకమ్మ పేర్తురు. పోయినవారిని తలచెడి దినముననే పూలపండుగ మొదలగుట గమనింపదగినది. ఆ తరువాతి అమావాస్య దీపావళి. పితృపక్షమున వచ్చిన పెద్దలు తమ లోకమునకు మరలిపోవునప్పుడు వారికి త్రోవ కనబడునట్లు దివిటీలు చూపవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. దీనికే ఉల్కాదానమని పేరు. మన కోస్తా జిల్లాలలో పిల్లలు గోగుకాడలకు నూనెగుడ్డల వత్తులు కట్టి వెలిగించి త్రిప్పి, కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చి తీపి తినుట ఇదియే. ఒరిస్సాలో మన పొరుగువారు అదే సాయంకాలము జనుపకాడలు వెలిగించి ఆకాశమువైపు ఎత్తి, 'బడబడువా' యని పెద్దలను పిలిచి, చీకటిలో వచ్చినవారిని వెలుగులో సాగనంపుదురు. పూరీలో జగన్నాథుని గుడి ముందు వేలమంది చేరి ఈ విధముగా పిలుతురు. గంజాము జిల్లాలోని మన తెలుగు వీధులలో గోగుకాడయు జనుపకాడయు ప్రక్కప్రక్కనే వెలిగినవి. రెండు భాషల పిలుపు ఒకే పెద్దలకు.

ఐర్లండు పల్లెలో బల్లమీద ఉంచిన ఆహారము, ఇంగ్లండులో పంచిన రొట్టె, మన పిండము, మన దివిటీ — ఇవి అన్నియు ఒక్క మాటయే చెప్పుచున్నవి: పోయినవారు మనవారు. మనవారైనవారిని చూచి భయపడనేల? భయము ఈ పండుగలకు పుట్టుకతో వచ్చినది కాదు, పిదప పట్టిన బూజు. ఆ బూజు మన గోడలకును కావలసినంత పట్టియున్నది.

అమావాస్యను తీసికొందము. మనము ఆ దినమున ప్రయాణము కట్టము, క్రొత్త పని మొదలిడము. తమిళనాట తరములుగా ఉన్న మన కుటుంబములకు తెలియును, ప్రక్కయింటి తమిళులు అదే అమావాస్యను నిండుదినమని ఎంచి అంగడి తెరతురు, బయానా ఇత్తురు. గుజరాతీ వర్తకులు దీపావళి అమావాస్యనాడే క్రొత్త లెక్కపుస్తకములకు పూజ చేయుదురు. ఆకాశము ఒకటే, చంద్రుడు లేని రాత్రి ఒకటే. తెలుగువానిని పట్టెడి కీడు తమిళుని గడపయొద్ద ఎట్లు ఆగినది? కీడు అమావాస్యలో ఉన్నచో ఇరువురకును తగులవలెను గదా!

గుమ్మడికాయ మాటయు చెప్పుదము. అమెరికావాడు గుమ్మడికాయకు కోరలు చెక్కెనని ఆక్షేపించిన పెద్దలలో ఒకరి యింటి ముందు, రాక్షసముఖము వ్రాసిన బూడిదగుమ్మడికాయ వ్రేలాడుట మేము కన్నులార చూచితిమి. గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడుముకొన్న సామెత వారికై పుట్టినట్లున్నది. కర్ణాటకమునను తమిళనాటను ఆయుధపూజనాడు వాహనములకు దిష్టి తీసి, కుంకుమ నింపిన గుమ్మడికాయను నడివీధిలో పగులగొట్టుదురు. ఆ జిగటమీద చక్రము జారి ద్విచక్రవాహనదారులు పడుచున్నారు. నడివీధిలో కాయలు కొట్టవలదని పోలీసువారు చెప్పవలసివచ్చుచున్నది. లేని ప్రమాదము మనకు తప్పుటకై ఉన్న ప్రమాదమును పరుల దారిలో పోయుట ఏపాటి పుణ్యము?

భయము కాయతో తృప్తిపడదు. దీపావళి దినములలో మంత్రగాండ్ర మాట నమ్మి గుడ్లగూబలను పట్టి బలియిచ్చువారు మన దేశమున ఉన్నారు. లక్ష్మీదేవికి వాహనమని ఒక నోట చెప్పుచు, ఆ లక్ష్మి కొరకే దాని మెడ కోయుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరము. గుడ్లగూబ తరువాత మనిషి. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములలో చిల్లంగి యందురు, తెలంగాణమున చేతబడి, బాణామతి యందురు, ఒరిస్సాలో డాహాణి యందురు. పేరేదైనను వేటు పడునది సాధారణముగా ఒంటరి స్త్రీమీద, విధవమీద, దిక్కులేని ముసలివారిమీద. పుణెలో డాక్టరు నరేంద్ర దాభోల్కర్ ఇట్టి దురాచారములపై యేండ్ల తరబడి పోరాడి 2013 ఆగస్టు 20న హత్యకు గురియైన పిమ్మట మహారాష్ట్రమున నరబలి, మంత్రవిద్యల నిరోధపు చట్టము వచ్చినది. మంత్రగత్తెయని ముద్రవేసి హింసించుటను ఒరిస్సా చట్టము అదే 2013లో నేరముగా చేసినది. కర్ణాటకము 2017లో ఇట్టి చట్టము చేసినది. మనము కాపురమున్న మూడు రాష్ట్రములు ఇట్టి చట్టములు చేసికొనవలసివచ్చినవి. దొంగలు లేని ఊరిలో ఎవరును తాళములు కొనరు గదా!

ఈ పలుకులు పలుకుటకు మాకు అధికారమేమని అడుగుదురేని, అధికారము కాదు, ఒక బాకీ యున్నది. అది చెప్పుకొనక తప్పదు.

నలుబది యేండ్లకు పూర్వము గంజాము జిల్లాలోని ఒక పట్టణమున, మేము కాపురమున్న తెలుగు వీధి చివర ఒక వృద్ధురాలుండెను. విధవ, బిడ్డలు లేరు. పసరు వైద్యము ఎరుగును, మా వీధిలో సగముమంది పిల్లలకు ఆమెయే నీళ్ళు పోసినది. దీపావళి సాయంకాలము దివిటీలు త్రిప్పిన పిల్లలు నేరుగా ఆమె అరుగుమీదికే పరుగెత్తుదురు; ఆమె వారికి మరమరాలు, బెల్లము పెట్టును. ఒక యేట ఆ బెల్లము తినిన బాలునికి మరునాడు చలిజ్వరము వచ్చినది. మూడు దినములకు ఆసుపత్రిలో నెత్తురు పరీక్షచేసి మలేరియా యనిరి, మందిచ్చిరి, బాలుడు కోలుకొన్నాడు. కాని ఆ మూడు దినములలోనే చిల్లంగి యను మాట వీధి ఈ చివరనుండి ఆ చివరకు పోయినది. పోయిన మాట మందుతో మరలిరాలేదు. ఆ మాటను మొదట అన్నవారికి ఆమె ఇంటి ప్రక్క ఖాళీస్థలముమీద కన్నున్నదని పిదప తెలిసినది. ఎవరును ఆమెను కొట్టలేదు. తలుపులు మాత్రము మూసిరి. కుళాయియొద్ద ఆమె బిందె ముట్టుకొన్నచో మరియొకరు తమ బిందెను కడుగుకొనిరి. మరుసటి దీపావళికి ఆమె అరుగుమీద మరమరాల చేట పెట్టుకొని ప్రొద్దుపోవువరకు కూర్చున్నది. ఒక్క పిల్లవాడును పోలేదు. మా పిల్లవానిని చేయిపట్టి ఆపినది మేమే. చిల్లంగి లేదని మాకు తెలియును. మెట్రిక్యులేషను చదివితిమి, కచ్చేరీలో గుమాస్తా యుద్యోగము చేయుచుంటిమి, ఊరివారందరికిని అర్జీలు వ్రాసిపెట్టితిమి. ఆమెకొరకు ఒక్క పంక్తి వ్రాయలేదు. నలుగురితో పాటు నడచితిమి. ఆ తరువాత ఆమె ఇల్లు అమ్ముకొని తమ్ముని యూరికి పోయినది. అచ్చటనే మరణించెనని వింటిమి. ఇల్లు కొన్నవారెవరో పాఠకులు ఊహింపగలరు. టెక్సాసులో జరిగినదే మా వీధిలోను జరిగినది: భయము ఒకవైపు వ్రేలు చూపినది, దోషము మరియొకవైపు నిలిచినది.

కావున సంఘమున ఒక బాలిక మంత్రగత్తె టోపీ పెట్టుకొని వేదిక యెక్కుననగా మాకు నవ్వు రాలేదు. ఆ చేట జ్ఞప్తికి వచ్చినది.

మాకు చెప్పబోవు సమాధానములును మేమెరుగుదుము. "పిల్లల ఆటకు ఇంత చరిత్ర యెందుకు?" అందురు. మంత్రగత్తె రూపమిట్లుండును, ముసలిది, వంకరముక్కుది, ఒంటరిది అని పిల్లవాడు ఆటలోనే నేర్చుకొనును. స్కాట్లండు పిల్లవాడు ఇల్లు చేరిన పిదప ఆ రూపము కథలోనే మిగులును. మన పిల్లవానికి అమ్మమ్మయో, పనిమనిషియో ఫలానా యింటి ముసలమ్మ వైపు చూపి దానికి ప్రాణము పోయుదురు. తేడా అచ్చట ఉన్నది.

"మన ఆచారములలో శాస్త్రమున్నది. నిమ్మకాయ, మిరపకాయ గాలిని శుభ్రముచేయును" అని కొందరందురు. శనివారమునాడు దుకాణపు గుమ్మమునకు దారముతో గ్రుచ్చి కట్టిన ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు ఎంత గాలిని శుభ్రముచేయునో వారే లెక్కకట్టి చూపవలెను. భయముచేత చేయుదానికి శాస్త్రమను చొక్కా తొడుగుట భయముకంటెను చెరుపు, ఏలయన భయమును ఒప్పుకొన్నవానికి ధైర్యము చెప్పవచ్చును, శాస్త్రమనువానికి ఎవరు చెప్పగలరు? మన దివిటీకి ఈ చొక్కా అక్కరలేదు. అది పెద్దలమీది ప్రేమతో వెలిగించునది. ప్రేమకు సాక్ష్యము కావలసినపని లేదు.

"ఇవి మానినచో పరరాష్ట్రములో మన తెలుగుతన మేమగును?" అని మూడవవారందురు. వీరి దుఃఖము మాకును ఉన్నది. బడిలో తెలుగు తగ్గినది, ఇంటిలో మాట సగము మారినది, అందుచే చేతికి దొరకిన ప్రతి ఆచారమును గట్టిగా పట్టుకొనుచున్నాము. కాని మునుగుచున్నవాడు పడవ చెక్కను పట్టుకొనవలెను, లంగరును కాదు. దివిటీ చెక్క, చిల్లంగి లంగరు. విచిత్రమేమనగా, మనము దివిటీని విడిచితిమి, చిల్లంగిని విడువలేదు. గోగుకాడలెచ్చట దొరకునని దివిటీలు మానినవారు మంత్రించిన తాయెత్తుకై ఊరూరు తిరుగుచున్నారు.

ఇక చేయవలసినది చెప్పి ముగింతుము. వచ్చు దీపావళి సాయంకాలము సంఘ మందిరము ముందు పిల్లలందరిచేత దివిటీలు వెలిగింపింతము. గోగుకాడ లేనిచోట జనుపకాడ చాలును. ఐర్లండువాడు టర్నిప్‌కు బదులు గుమ్మడికాయ తీసికొనలేదా? ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ పొరుగువారిని పిలుతము. ప్రతి పిల్లవానికిని తాతముత్తాతల పేర్లు మూడు తరములవరకు తల్లివైపువి, తండ్రివైపువి నేర్పి, దివిటీ యెత్తినప్పుడు ఆ పేర్లు బిగ్గరగా చెప్పింతము. తెలుగు నిలుచుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు తోచలేదు.

ఆ పిమ్మట పిల్లలు ఇంటింటికి పోవలెను. హాలోవీన్ పండుగలో మేము నిస్సంకోచముగా అరువు తెచ్చుకొనదగినది ఇది యొక్కటే. అయితే మొదట పోవలసినది ఒంటరిగా ఉన్న వృద్ధుల యిండ్లకు. వారు పెట్టినది వారి యెదుటనే తినవలెను, పెద్దలెవ్వరును చేయిపట్టి ఆపరాదు. మూడవది, బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుడు. ఏ స్త్రీనైనను చిల్లంగియని ఎవరైనను అన్నచో మొదటినాడే సంఘము కలుగజేసికొని, వినకున్నచో పోలీసులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. వ్రాయుటకు మనుష్యులు లేరందురేని, అర్జీలు వ్రాయుట మేమింకను మరచిపోలేదు.

ఇవన్నియు నాలుగైదేండ్లు జరిగి, మన వీధులలో ఆ మాట వినబడుట మానిననాడు, యువకులు తప్పక హాలోవీన్ జరుపుకొందురుగాక. గుమ్మడికాయ మేమే కొనితెత్తుము. తొలిచిన గుజ్జుతో ఇంటివారు దప్పళము చేయుదురు. అందాక ఆ నల్లటోపీని అటకమీద ఉంచి, ముందు ఆ అరుగుమీద ఒక దీపము పెట్టుదము.